ఫ్లెక్సీ లెక్క వెబ్‌సైట్ చేస్తె గూగుల్‌కు ఏం కనపడుతది?

వరంగల్ కొత్తవాడల జంపఖానాలు అమ్మే ఒక కాక ఉన్నడు, సొంత కాక కాదు గానీ చిన్నప్పటి నుంచి అట్లనే పిలుస్త. ఆయన పోయినేడు పైసలు పెట్టి వెబ్‌సైట్ చేయించుకున్నడు, ఆరు నెలలు చూసిండు, సైట్ చూసి ఫోన్ చేసినోళ్ళు ఒక్కలు లేరు. ఇగ ఒకరోజు నా దగ్గరికి వచ్చి "బిడ్డా, గూగుల్‌ల కొడితె మన షాపు రానే రాదు, ఏమైందో జర చూడు" అన్నడు. నేను నా ఫోన్‌ల వైఫై బంద్ చేసి మామూలు డేటా మీద ఓపెన్ చేసిన. తెల్ల పేజీ వచ్చింది, పైన గీత మెల్లగ జరుగుతున్నది, ఒక ఫొటో సగం దాకా దిగి ఆగింది, కాక పక్కన కూసొని నా మొఖం దిక్కే చూస్తున్నడు. మొత్తం దిగినంక చూస్తె ఆయన షాపు మీద కట్టిన ఫ్లెక్సీయే అది, అదే డిజైన్, అదే రంగులు. షాపు పేరు, అడ్రస్, సైజులు, రేట్లు, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తు) ఉన్న వరంగల్ దర్రీలు (జంపఖానాలకే ఇంకో పేరు) అన్న లైను, ఫోన్ నంబరు, అన్నీ ఒకే బొమ్మల. నంబరు మీద నొక్కితె కాల్ పోదు, ఎందుకంటె అక్కడ ఉన్నది నంబరు ఫొటో.

కాక ఒక్కడికే ఇట్లయిందని అనుకోకండి. హన్మకొండ, కాజీపేట, జనగామ, కరీంనగర్ దిక్కు ఫంక్షన్ హాళ్ళవి, కోచింగ్ సెంటర్లవి, విత్తనాల షాపులవి నేను చూసిన సైట్లల్ల ఇట్లాంటివి మస్తున్నయ్. చేయించుకునేటోళ్ళు ఏమనుకుంటరంటె డిజైన్ అనేది ఒక పని, ఫొటోలు వీడియోలు ఇంకో పని, ఎస్‌ఈఓ, అంటె గూగుల్‌ల మన సైట్ కనపడేటట్టు చేసుడు, అన్నీ అయిపోయినంక వేరేటోళ్ళకు పైసలిచ్చి చేయించుకునే మూడో పని అని. నా అనుభవంల ఈ మూడూ ఒకటే పని. పేజీల అక్షరం అక్షరం లెక్కనే ఉండాలె, నంబరు నంబరు లెక్కనే ఉండాలె, ఫొటో తేలికగ ఉండి దాని పక్కన అదేందో చెప్పే నాలుగు మాటలు ఉండాలె. ఇది సరిగ్గ ఉంటె పేజీ జల్దిన దిగుతది, చూపు లేనోళ్ళకు ఫోన్ చదివి వినిపిస్తది, గూగుల్‌కు కూడా అర్థమైతది.

అసలు తెలుగు సైట్లల్లనే ఈ ఫ్లెక్సీ రోగం ఇంత ఎందుకున్నది? దీనికి ఒక కారణం ఉన్నది, చానా మంది పట్టించుకోరు. మన దగ్గర పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు అన్నీ డీటీపీ సెంటర్లల్ల తయారైతయ్, అక్కడ ఏండ్ల తరబడి వాడుతున్నవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లనైనా ఒకే తీరుగ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాని పాత ఫాంట్లు. ఆ ఫాంట్ల కిటుకేందంటె, లోపల కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలనే, వాటి మీద తెలుగు అక్షరాల బొమ్మలు తొడుగుతయ్. అందుకే ఆ ఫాంట్ లేని కంప్యూటర్ల ఓపెన్ చేస్తె తెలుగు మాయమై పిచ్చి పిచ్చి గుర్తులు కనపడతయ్. వెబ్‌సైట్ చేసే పిలగాడికి షాపాయన ఆ ఫైల్ ఇస్తడు, వాడు కాపీ చేసి పేజీల పేస్ట్ చేస్తె చెత్త వస్తది, మళ్ళ అంతా టైప్ చేసే ఓపిక లేక దాన్నే జేపెగ్ ఫొటో చేసి అతికిస్తడు. ఫ్లెక్సీ సైట్ పుట్టేది ఇక్కడ్నే. యూనికోడ్‌ల తెలుగు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే ఉన్నది, ఫోన్‌ల మనం వాట్సాప్ కొట్టేది యూనికోడే, గూగుల్‌ల వెతికేది యూనికోడే, పాత ఫాంట్ల మ్యాటర్‌ను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు కూడా ఉన్నయ్. మార్చినంక వత్తులు, పొల్లులు అక్కడక్కడ చెడిపోతయ్ కాబట్టి ఒకసారి కూసొని చదివి దిద్దుకోవాలె. కాక మ్యాటర్ దిద్దడానికి నాకు ఒక పొద్దు పట్టింది, అంతే.

ఇగ గూగుల్ సంగతి. అది చేసే పని మూడు అంచెలల్ల ఉంటది. మొదలు గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం లింకులు పట్టుకొని పేజీ నుంచి పేజీకి తిరుగుతది, తిరిగినకాడ ఏమున్నదో చదివి తన ఇండెక్స్‌ల రాసుకుంటది, ఎవరన్నా ఏదన్నా వెతికినప్పుడు ఆ రాసుకున్నదాంట్లకెల్లి తీసి చూపిస్తది. మనం వెతికినప్పుడు అది అప్పటికప్పుడు ఊరంతా తిరగదు. కాక పేజీ కాడికి వచ్చి అది చదివితె దొరికేదేంది? టైటిల్ కాడ "హోమ్" అని ఒక మాట, కింద ఆరు ఫొటోలు, అయిపాయె. గూగుల్ ఫొటోలోని అక్షరాలు చదవలేదా అని అడుగుతరు, గూగుల్ లెన్స్ చదువుతది, నిజమే, కానీ ముఖ్యమైన మాటలు బొమ్మల పెట్టకుండ్రి, మామూలు అక్షరాలల్ల రాయండ్రి అని గూగులే తన గైడ్‌ల చెప్తది. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ వచ్చింది, అంత గొప్ప ముచ్చట ఆయన పేజీల ఉండి కూడా లేనట్టే అయింది.

ఫొటోల బరువు లెక్క ఒకసారి చేసి చూద్దాం, ఎందుకంటె సైట్ స్లో అని అందరంటరు గానీ ఎంత స్లో ఎందుకు స్లో అని ఎవ్వరూ లెక్క చెయ్యరు. కాక కొడుకు ఫోన్‌ల తీసిన ఫొటో 4000 బై 3000 పిక్సెళ్ళు, అంటే 1 కోటి 20 లక్షల చుక్కలు, ఒక్కోటి 5 ఎంబీ దగ్గర ఉన్నది, మొదటి పేజీల అట్లాంటివి 6, మొత్తం 30 ఎంబీ. సిగ్నల్ సరిగ్గ లేనికాడ, తాడ్వాయి అడవి దిక్కు పోయినప్పుడు అనుకోండి, సెకనుకు 2 మెగాబిట్లు వస్తున్నయంటె 30 ఎంబీ (అంటె 240 మెగాబిట్లు) దిగడానికి 2 నిమిషాలు పడతది. ఎవరాగుతరు? ఫోన్ స్క్రీన్ అడ్డం పెద్దగ చూసినా 1000, 1400 పిక్సెళ్ళు ఉంటది, దాని మీద 4000 పిక్సెళ్ళ ఫొటో వేస్తె మిగిలిన చుక్కలన్నీ దండుగ, దించుకున్నోళ్ళ డేటా దండుగ. అదే ఫొటోను 1200 బై 900కు తగ్గిస్తె చుక్కలు 10 లక్షల 80 వేలకు వస్తయ్, పదకొండో వంతు. దాన్ని వెబ్‌పీ ఫార్మాట్‌ల సేవ్ చేస్తె 150 కేబీ చుట్టుముట్టు వచ్చింది, ఆరు ఫొటోలకు కలిపి 1 ఎంబీ లోపట. కాకకు పాత ఫొటో కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపిస్తె ఏది ఏదో గుర్తు పట్టలేకపోయిండు, నూలు పోగులు కూడా అట్లనే కనపడుతున్నయ్.

ఫార్మాట్ల గురించి జర వివరంగ చెప్త, ఎందుకంటె దీంట్ల తప్పు చేస్తె కళ్ళకు కనపడుతది. జేపెగ్ స్టాండర్డ్ 1992లో వచ్చింది, అది ఫొటోను 8 బై 8 చుక్కల గళ్ళ కింద కోసి, ఒక్కో గడిల మన కన్ను పెద్దగ గుర్తు పట్టని సన్న తేడాలను తీసేసి సైజు తగ్గిస్తది. దాని వెనకున్న లెక్కను కనిపెట్టినోళ్ళల్ల ముందున్న మనిషి బెంగళూరుల పుట్టిన నసీర్ అహ్మద్, 1974లో తోటి వాళ్ళతో కలిసి పేపర్ అచ్చేసిండు, ఇయ్యాల మనం పంపుకునే ప్రతి జేపెగ్ ఫొటోల ఆయన కష్టం ఉన్నది, ఇది మన పిల్లలకు చెప్పాల్సిన ముచ్చట. ఈ పద్ధతి మనుషుల మొఖాలకు, ఆకాశానికి, చెట్లకు మంచిగ పనిచేస్తది, కానీ తెల్ల మీద నల్ల అక్షరాలు, చక్కటి గీతలు ఉంటె వాటి అంచుల చుట్టు మసక మరకలు వస్తయ్. రేట్ల పట్టీ జేపెగ్‌ల పెడితె మబ్బుగ కనపడేది అందుకే. లోగోలాంటి గీతల బొమ్మకు ఎస్‌వీజీ మంచిది, అది చుక్కలు కాకుండ గీతలు ఎట్ల గియ్యాలెనో రాసుకున్న ఫైలు, ఎంత పెద్దగ చేసినా చెదరదు, బరువు కూడా ఉండదు. స్క్రీన్‌షాట్లకు పీఎన్‌జీ. ఫొటోలకు జేపెగ్ లేకుంటె 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ, ఇప్పుడు బ్రౌజర్లన్నీ దాన్ని చూపిస్తయ్. రేట్ల పట్టీకి అసలు ఏ ఫార్మాటూ వద్దు, టేబుల్ చేసి అక్షరాలల్ల రాయండి, రేటు మారినప్పుడు ఒక్క అంకె మారిస్తె సరిపోతది.

రంగుల కాడ కాకకు నష్టమే అయింది. తెలిసినోళ్ళ ద్వారా పరిచయమైన ఒకాయన సైట్ల ఫొటో చూసి ఎర్ర జంపఖానా తెప్పించుకున్నడు, అందినంక "నేను చూసిన రంగు ఇది కాదు" అని వాపస్ పంపిండు, రానుపోను పార్సిల్ ఖర్చు కాక మీద పడ్డది. నేను ఆ ఫొటో ఫైల్ తెరిచి చూస్తె అది సీఎంవైకే ఫైలు. ప్రెస్సుల అచ్చేసేటప్పుడు నాలుగు సిరాల లెక్కన రంగులు పెడతరు, దాన్ని సీఎంవైకే అంటరు, స్క్రీన్ మాత్రం ఎరుపు ఆకుపచ్చ నీలం వెలుగుల లెక్కన చూపిస్తది, ఫ్లెక్సీకి చేసిన ఫైలును అట్లనే తెచ్చి సైట్ల పెడితె ఎరుపు ఒక ఫోన్‌ల ఒక తీరు, ఇంకో ఫోన్‌ల ఒక తీరు కనపడుతది. సైట్‌కు పెట్టే ప్రతి ఫొటోను ఎస్‌ఆర్‌జీబీ అనే స్క్రీన్ రంగుల పద్ధతిలకు మార్చుకోవాలె. ఇంకోటి, ఫొటో తీసేటప్పుడు ట్యూబ్‌లైట్ కింద తీయొద్దు. మేము పొద్దున తొమ్మిదింటికి జంపఖానాను షాపు గడప కాడికి తెచ్చి పరిచి, ఎండ నేరుగ పడకుండ నీడల పెట్టి తీసినం, పక్కన కొలత టేపు పరిచినం, ఆ టేపు వల్ల "ఎంత పెద్దగుంటది" అన్న ప్రశ్నకు ఫొటోనే జవాబు చెప్తది. ఇంట్ల తీసిన ఫొటో అయితె ఒక జాగ్రత్త, ఫోన్‌ల లొకేషన్ ఆన్ ఉంటె ఫొటో ఎక్కడ తీసిన్రో ఫైలు లోపల దాగి ఉంటది, సైట్ల పెట్టేముందు ఆ వివరం తీసెయ్యాలె.

ఆల్ట్ టెక్స్ట్ అని ఒకటుంటది, ఫొటోకు మాటలల్ల వివరణ. చూపు లేనోళ్ళు ఫోన్‌ల టాక్‌బ్యాక్ పెట్టుకొని సైట్ చదివించుకుంటున్నప్పుడు ఫొటో కాడ అది చదివేది ఈ మాటల్నే, అది లేకుంటె ఐఎంజీ అని మొదలయ్యే పొడుగు ఫైలు పేరు నంబర్లతో సహా చదువుతది, ఒక్కసారి కళ్ళు మూసుకొని మీరు వినండి, ఎంత ఇబ్బందో తెలుస్తది. గూగుల్ ఇమేజెస్ కూడా ఆల్ట్‌ను, ఫొటో పక్కన ఉన్న రాతను, ఫైలు పేరును కూడా చూసి అదేందో అర్థం చేసుకుంటది. కాక పేజీల ఒక ఫొటోకు మేము రాసింది ఇది: "ఎర్ర, నల్ల పట్టెల నూలు జంపఖానా, 4 బై 6 అడుగులు, రెండు అంచులకు తెల్ల కుచ్చులు". అంతే, చూసిన మనిషి చూడని మనిషికి ఫోన్‌ల చెప్పినట్టు. కొందరు ఇక్కడ వరంగల్ జంపఖానా బెస్ట్ జంపఖానా చీప్ జంపఖానా అని కుక్కుతరు, అది వినేటోళ్ళకు నరకం, గూగుల్ కూడా దాన్ని స్పామ్ కిందనే చూస్తది. అలంకారానికి పెట్టిన పువ్వుల గీతకు మాత్రం ఆల్ట్ ఖాళీగ వదిలెయ్యాలె, చదివే యంత్రం దాన్ని దాటేసి పోతది. పేజీ కోడ్ మొదట్ల భాష తెలుగు అని చెప్పే ఒక చిన్న గుర్తు కూడా ఉండాలె, అది లేకుంటె కొన్ని యంత్రాలు తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడతయ్.

ఫొటోలకు వెడల్పు ఎత్తు ఎంతో కోడ్‌ల రాయడం చానా మంది మర్చిపోతరు. రాయకుంటె ఏమైతదంటె, మీరు "కాల్ చేయండి" అన్న బటన్ నొక్కబోతరు, సరిగ్గ అదే టైముల పైన ఫొటో దిగి పేజీ కిందికి జారుతది, మీ వేలు ఇంకోదాని మీద పడతది. ఇది అందరికీ అయ్యే ఉంటది. గూగుల్ దీన్ని కూడా కొలుస్తది, ఈ జారుడు స్కోరు 0.1 దాటొద్దంటది, పేజీల పెద్ద వస్తువు 2.5 సెకండ్ల లోపల కనపడాలె అంటది, బటన్ నొక్కితె 200 మిల్లీసెకండ్ల లోపల కదలిక రావాలె అంటది, ఈ చివరిది 2024 మార్చి నుంచి లెక్కల చేరింది. కింది ఫొటోలకు లేజీ లోడింగ్ పెడితె జనం అక్కడి దాకా జరిపినప్పుడే దిగుతయ్, మంచిదే, కానీ ఉత్సాహంగ అన్నిటికీ పెట్టేస్తరు, అన్నిటికన్న పైనున్న పెద్ద ఫొటోకు అది పెట్టొద్దు, పెడితె మొదలు కనపడాల్సిందే ఆలస్యమైతది.

వీడియో సంగతి చిన్నగ చెప్త. మగ్గం నడుస్తున్న వీడియో జంపఖానా అమ్మకానికి వంద మాటల కన్న మేలు, కానీ ఫోన్‌ల తీసిన ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి 100 ఎంబీ దాటొచ్చు, దాన్ని సైట్ల నేరుగ పెట్టకండి. యూట్యూబ్‌ల వేసి, పేజీల ఒక ఫొటో పెట్టి, నొక్కితెనే వీడియో దిగేటట్టు చెయ్యండి. తెరవంగనే పాట మోగే సైట్లు బస్సుల కూసున్నోన్ని పరేషాన్ చేస్తయ్, క్రోమ్ 2018 నుంచి అట్లాంటి సౌండ్‌ను చానా వరకు ఆపుతనే ఉన్నది. వీడియో కింద దాంట్ల ఏమున్నదో నాలుగు లైన్లు తెలుగుల రాయండి, వీలైతె సబ్‌టైటిల్స్ పెట్టండి, వినపడనోళ్ళకు అదే వీడియో.

తెలుగు పేజీకి అక్షరాల అమరిక కూడా వేరే ఉంటది, ఇంగ్లీషు టెంప్లేట్‌ల తెలుగు పోస్తె సరిపోదు. మనకు పైన గుడులు, కింద వత్తులు, లైనుకు లైనుకు మధ్య ఎడం ఇంగ్లీషుకు పెట్టినంతే పెడితె పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతది, స్త్రీ, రాష్ట్రం లాంటి మాటలు వస్తె ఇగ చదవలేం. నేను లైన్ హైట్, అంటె లైన్ల ఎడం, అక్షరం సైజుకు 1.7 రెట్ల దగ్గర పెడత. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ తెలుగుకు ముట్టుకోకండి, అక్షరాలు విరిగినట్టు కనపడతయ్. ఫాంటులు ఒకటి, మహా అయితె రెండు, ఎందుకంటె తెలుగు ఫాంటుల సంయుక్తాక్షరాలన్నీ ఉండాలె కాబట్టి ఫైలు బరువు ఎక్కువుంటది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన అనే యూనికోడ్ ఫాంట్ ఒకటున్నది, బమ్మెర మన జనగామ జిల్లాలనే ఉన్నది కదా, ఆ పేరు చూసినప్పుడల్లా నాకు మంచిగనిపిస్తది. బూడిద రంగు పేజీ మీద బూడిద రంగు అక్షరాలు పెట్టకండి, ఎండల నిలబడి ఫోన్ చూసే రైతుకు ఏం కనపడదు.

ఇగ అన్నిటికన్న ఎక్కువ మాట్లాడాల్సింది మాటల గురించి, ఎస్‌ఈఓ అంటె నా లెక్కల నూటికి ఎనభై పాళ్ళు ఇదే. కాక తన సరుకును దర్రీ అంటడు, ప్రభుత్వ కాగితాలల్ల కూడా దర్రీయే. కొనేటోళ్ళు జంపఖానా అంటరు, మా అమ్మ జంఖానా అంటది, హైదరాబాదుల ఉండేటోళ్ళు కార్పెట్ అని కొడతరు, ఇంకొందరు తివాచీ అంటరు. పేజీల దర్రీ అన్న మాట తప్ప ఇంకోటి లేకుంటె మిగిలినోళ్ళందరికి ఆ పేజీ దొరకడం కష్టం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల చపాటా మిర్చి అన్నదాన్నే టమాటా మిర్చి అని కూడా అంటరు, విత్తనాల షాపు సైట్ల రెండు పేర్లూ ఉండాలె. ఊరి పేరు చూడండి, హన్మకొండ, హనుమకొండ, హనంకొండ, మూడు తీర్ల రాస్తరు, 2021లో జిల్లా పేరు హనుమకొండగ మారినంక ఇంకా కలగాపులగమైంది. గూగుల్ కొన్ని స్పెల్లింగులను తనే కలుపుకుంటది, కానీ అన్నీ దాని మీద వదిలెయ్యొద్దు. అట్లని అన్ని పేర్లను కింద వరుసగ పేర్చకండి, "కొత్తవాడల మేము నేసే దర్రీలను ఇక్కడ జంపఖానాలు అంటరు, కార్పెట్ లెక్క దీనికి ముడులుండవు, రెండు దిక్కుల పరుచుకోవచ్చు" అని మనిషికి చెప్పినట్టు రాస్తె అన్ని మాటలు వాటంతట అవే వస్తయ్, కొనేటోనికి తేడా కూడా తెలుస్తది. చానా మంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలల్ల కొడతరు కాబట్టి పేజీల ఒకచోట అట్ల కూడా ఉండనియ్యండి. పేజీ అడ్రస్ మాత్రం ఇంగ్లీషు అక్షరాలల్లనే పెట్టండి, తెలుగుల పెడితె తప్పు కాదు గానీ కాపీ చేసి వాట్సాప్‌ల పంపినప్పుడు ఒక్క "క" అక్షరం 9 గుర్తులుగ మారుతది, లింకు గజం పొడుగైతది, ఎవరూ నమ్మి నొక్కరు.

ప్రతి పేజీకి దాని సొంత టైటిల్ ఉండాలె, "హోమ్" కాదు, "కొత్తవాడ నూలు జంపఖానాలు, వరంగల్" అన్నట్టు. గూగుల్‌ల టైటిల్ కింద కనపడే వివరణ ర్యాంకు పెంచదు గానీ అది చదివే జనం నొక్కాల్నా వద్దా అనుకుంటరు. పేజీ కోడ్‌ల వెతికే మాటలు రాసిపెట్టే కీవర్డ్స్ ట్యాగ్ అని ఒకటి ఇప్పటికీ నింపించి పైసలు తీసుకుంటున్నరు, వెబ్ ర్యాంకింగ్‌కు దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లనే చెప్పింది. గూగుల్ మ్యాప్స్‌ల షాపు వివరాలు, సైట్ల వివరాలు, పేరు, అడ్రస్, నంబరు ఒకే తీరుగ ఉండాలె.

కాకకు ఒకరు ఫోన్ చేసి, నెలకు ఇంత కట్టండి, మొదటి స్థానం గ్యారంటీ అన్నరంట, ఆయన మూడు నెలలు కట్టిండు. నాకు మస్తు బాధైంది, ఎందుకంటె ఆ పైసలు జంపఖానా మీద జంపఖానా అమ్మి కూడబెట్టినవి. మొదటి స్థానం ఎవ్వరూ గ్యారంటీ ఇయ్యలేరని గూగులే రాసి పెట్టింది. అట్లాంటి ఫోన్ వస్తె పెట్టెయ్యండి.

పైసలు లేకుండ చూసుకునే సాధనం సెర్చ్ కన్సోల్, గూగుల్‌దే, ఉచితం. సైట్ మీదే అని రుజువు చేసుకుంటె, మీ ఏ పేజీలు ఇండెక్స్‌ల ఉన్నయ్, జనం ఏ మాటలు కొట్టినప్పుడు మీ పేజీ కనపడ్డది, ఎంతమంది నొక్కిన్రు అన్నది చూపిస్తది. కాక సైట్‌ను అక్షరాలల్ల మళ్ళ రాసినంక కొన్ని వారాలు ఆగి, ఇద్దరం కూసొని ఆ పట్టీ తెరిచినం. దర్రీ ఉన్నది, జంపఖానా ఉన్నది, కింద ఒక మాట చూసి కాక నా చెయ్యి ఆపిండు, ఫంక్షన్ హాల్‌కు పెద్ద జంపఖానా అని ఎవరో వెతికిన్రు, ఒక్కలు కాదు, మళ్ళ మళ్ళ ఉన్నది. "పెద్ద సైజు మనం నేస్తం కదా బిడ్డా, ఆర్డరిస్తె" అన్నడు. పేజీ మొత్తం వెతికినం, 6 బై 9 కన్న పెద్ద సైజు గురించి ఒక్క ముక్క లేదు. వచ్చే ఆదివారం మగ్గం మీద పెద్దది ఎక్కిస్తరంట, ఫొటోకు పొద్దున్నే రమ్మన్నడు, టేపు నన్నే తెమ్మన్నడు.